పటమూ, కైఫియత్తూ

1

గత ఏడాది ఒక సాహిత్య పాఠశాలలో తెలుగు ఎం.ఎ. చదివే విద్యార్థి ఒకరు వ్యాసం చదివారు. విషయం: సీమ కథల్లో చెరువు. వ్యాసం బాగానే ఉంది. చివర మాత్రం ఆయన ఒక పాత పటం నకలు తీసి అందరికీ చూపించి, "కథకుడి మాట అతిశయోక్తి కావచ్చు, పటం అబద్ధం చెప్పదు గదా" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే మరో మిత్రుడు లేచి, "ఆ పటం గీయించింది కుంఫిణీ. శిస్తు కోసం, ఫిరంగి బండ్ల దారి కోసం గీయించింది. దాన్ని సాక్ష్యంగా తేవడమంటే దొంగ చేత పంచాయితీ చెప్పించుకోవడమే" అన్నారు. గంటసేపు వాదన జరిగింది. అధ్యక్షస్థానంలో ఉన్న నేను వేళ మించిపోయిందని చెప్పి సభ ముగించాను. అది జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికి రాస్తున్నది.

ఇద్దరు మిత్రుల మాటల్లోనూ కొంత నిజముంది. అయితే ఇద్దరూ చేసిన పొరపాటు ఒక్కటే. ఇద్దరూ పటాన్ని చదవలేదు. ఒకరు దానికి నమస్కారం పెట్టారు, మరొకరు దాన్ని వెలివేశారు. ఒక ప్రబంధాన్నో నవలనో మనం ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానితో సరిపెట్టుకుంటే దాన్ని విమర్శ అనం. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ పరిస్థితుల్లో రాశారు, ఏది చెప్పారు, ఏది దాటవేశారు అని అడుగుతాం. అవే ప్రశ్నలు చేత్తో గీసిన పాత పటాన్ని ఎందుకు అడగకూడదు? పటం కూడా రచనే. దానికీ కర్త ఉన్నాడు, పాఠకుడు ఉన్నాడు, వస్తువు ఉంది, రూపం ఉంది, దృక్పథం ఉంది. మౌనాలు కూడా ఉన్నాయి.

ఇది పండితుల కాలక్షేపం కాదు. ఆ పాత పటాలు ఈనాడు మళ్ళీ బయటికి వచ్చి మనుషుల ఇళ్ళనూ, పొలాలనూ, అడవి మీద హక్కునూ తేల్చే చోట నిలబడుతున్నాయి. వాటిని చదవడం రానివాళ్ళు నష్టపోతున్నారు.

2

పటాలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా నేను ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. అది మన తెలుగువాళ్ళకు బాగా సంబంధం ఉన్నది కూడా.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాను చనిపోయాడు. గెలిచిన రాజ్యం ఎంత ఉందో, ఎక్కడ కొండ ఉందో, ఎక్కడ కోట ఉందో, ఏ చెరువు కింద ఎంత సాగవుతుందో కుంఫిణీకి తెలియదు. తెలుసుకునే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. స్కాట్లండు పడమటి దీవుల్లోని స్టోర్నొవేలో పుట్టి, 1783లో మద్రాసుకు వచ్చి, అంతకుముందే నిజాం రాజ్యంలో ఇంజనీరుగా తిరిగినవాడాయన. మైసూరు సర్వే సుమారు పదేళ్ళు సాగింది. దాదాపు 40 వేల చదరపు మైళ్ళ నేలను కొలిచి పటాలకెక్కించారు. తర్వాత నిజాము కుంఫిణీకి వదిలిన దత్తమండలాల సర్వే కూడా ఆయన పర్యవేక్షణలోనే నడిచింది. 1815లో ఆయన భారతదేశానికంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో చనిపోయాడు.

ఈ పటాలు ఎలా తయారయ్యాయి? కొండ ఎక్కి జెండా పాతాలి. రెండు చోట్ల నుంచి దాన్ని గురిచూసి కోణం తీయాలి. గొలుసు పట్టుకుని బాట వెంట నడవాలి. చక్రం తోసుకుంటూ దూరం లెక్కపెట్టాలి. చూసింది చూసినట్టు పుస్తకంలో ఎక్కించాలి. ఆ తర్వాత చిత్రకారుడు కాగితం మీద నీటిరంగులతో చెరువు, ఏరు, తోట దిద్దుతాడు. కొండవాలును సన్నని చిన్న గీతలతో చూపిస్తాడు. వాలు ఎక్కువైన చోట గీతలు చిక్కనవుతాయి, చదునైన చోట పలచనవుతాయి. సమాన ఎత్తుల్ని కలిపే కాంటూరు రేఖలు వాడుకలోకి రాకముందు కొండ రూపాన్ని పట్టుకున్నది ఈ చేతిపనే.

ఈ చేతులు ఎవరివి? 1794లో మద్రాసు నక్షత్రశాలకు అనుబంధంగా ఒక సర్వే బడి పెట్టారు. ఈనాటి గిండీ ఇంజనీరింగు కళాశాల తన పుట్టుకను అక్కడినుంచే చెప్పుకుంటుంది. ఆ బడిలో చేరింది ఎక్కువగా అనాథాశ్రమంలో పెరిగిన కుర్రాళ్ళు, తెల్ల సిపాయిలకూ ఈ దేశపు స్త్రీలకూ పుట్టినవాళ్ళు. తక్కువ జీతానికి దొరుకుతారని వాళ్ళను ఎంచుకున్నారు. మెకంజీ వెంట నడిచి పటాలు గీసినవాళ్ళలో అలాంటివాళ్ళున్నారు. వాళ్ళ కింద గొలుసు లాగినవాళ్ళు, జెండా పట్టినవాళ్ళు, ముందు నడిచి దారి చూపిన ఊరి వెట్టివాళ్ళు ఉన్నారు. పటం మూల సంతకం మాత్రం దొరది.

అదే కాలంలో మరో సర్వే మొదలైంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గరి పరంగిమల వద్ద ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలిచాడు. అక్కడినుంచి త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దేశమంతా కొలిచారు. అందులో ఊరు, చెరువు ముఖ్యం కాదు, బిందువులు ముఖ్యం. 1819లో ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పనిచేస్తూ వానాకాలపు జ్వరాన పడ్డాడు. వెంట ఉన్నవాళ్ళంతా పడిపోయారు, కొందరు ప్రాణాలే వదిలారు. ఎవరెస్టు బతికాడు. ఆయన ఎన్నడూ చూడని ఒక హిమాలయ శిఖరానికి 1865లో ఆయన పేరు స్థిరపడింది. ఆ శిఖరం ఎత్తు లెక్కతేల్చడంలో ముఖ్యపాత్ర వహించిన రాధానాథ్ సిక్‌దార్ పేరు పటమెక్కలేదు. తెలుగునాటి అడవుల్లో జ్వరంతో పోయినవాళ్ళ పేర్లు ఎక్కడా ఎక్కలేదు.

సౌందర్యం గురించి మాట్లాడేవాళ్ళు ఈ పటాల రంగుల్ని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. అయితే ఆ సన్నగీత వెనక ఎవరి కాళ్ళు నడిచాయో అడగకుండా మెచ్చుకోవడం, తాజ్‌మహల్‌కు రాళ్ళెత్తిన కూలీలను మరిచి పాలరాతిని మెచ్చుకోవడం లాంటిదే.

3

అయితే మెకంజీ పనిలో లాంబ్టన్ పనిలో లేని ఒక గుణం ఉంది. పటం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. మైసూరు పటాలతోపాటు ఏడు సంపుటాల వివరణ గ్రంథం తయారైంది. దాని పక్కనే మరో పెద్ద పని సాగింది. ఊరూరా తిరిగి కరణాల దగ్గర కవిలెలు చూడటం, శాసనాలకు నకళ్ళు తీయటం, ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది, ఏ దండు వచ్చి ఏం తగలబెట్టింది అన్నది అడిగి రాయించటం. ఇలా రాయించినవే కైఫియత్తులు.

ఈ పనికి వెన్నెముక ఏలూరికి చెందిన కావలి సోదరులు. వాళ్ళలో వెంకట బొర్రయ్య మెకంజీ దగ్గర చేరి, సహాయకుల బృందాన్ని తయారుచేసి, 1803లో చిన్నవయసులోనే పోయాడు. ఆ తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత మోశాడు. మరో తమ్ముడు రామస్వామి తర్వాతి కాలంలో కలకత్తాలో పుస్తకాలు అచ్చువేయించాడు. దక్కను నగరాల మీద 1828లో ఒకటి, దక్కను కవుల మీద 1829లో మరొకటి. అంతకుముందు 1827లో దక్కను ప్రాచీన విభాగాలను చూపే ఒక పటాన్ని కూడా ప్రకటించాడు. అంటే, పటాలు గీసేవాళ్ళకు తోవ చూపినవాడే, కుంఫిణీ జిల్లాల హద్దులు కాక తన నేల పాత హద్దులతో ఒక పటం వేయించాడు. మన సాహిత్య చరిత్రలో ఈ సంగతికి రావలసినంత చోటు రాలేదని నా అభిప్రాయం.

మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో బొర్రయ్యకు తాను ఎంత రుణపడ్డాడో ఒప్పుకున్నాడు. మెకంజీ పోయాక సేకరణను కుంఫిణీ ప్రభుత్వం కొనుక్కుంది. 1828లో విల్సన్ దానికి పట్టిక తయారుచేశాడు. 8,076 శాసనాల నకళ్ళు, 2,070 స్థానిక కథనాలు, 79 ప్లానులు, ఇంకా చాలా అందులో ఉన్నాయి. ఈ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో ముందుకు వచ్చాడు. ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అందుకు అంగీకరించలేదు. ఒక నేటివు ఆ పనికి నాయకుడుగా ఉండగలడన్న నమ్మకం వాళ్ళకు లేదు. వివరాలు తెచ్చే కూలీగా పనికివచ్చినవాడు, ఆ వివరాలకు అర్థం చెప్పే పండితుడుగా పనికిరాలేదు!

ఆ తర్వాత జరిగింది నా వాదనకు ముఖ్యం. పటం ఒక దారిన, కైఫియత్తు మరో దారిన పోయాయి. పటాలు సర్వేశాఖ సొత్తయ్యాయి, కొత్త పటాలకు పునాది అయ్యాయి, పాలనకు పనికివచ్చాయి. రాతప్రతులు కొన్ని లండను చేరాయి, కొన్ని మద్రాసుకు వచ్చాయి. చెదలు పడుతున్న తెలుగు కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు తీయించాడు కనుక బతికాయి. ఈనాడు కడపలో ఆయన పేరిట ఉన్న పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియత్తుల్ని అచ్చువేసింది. కానీ పటాన్ని భూగోళం వాళ్ళూ, కైఫియత్తును చరిత్ర వాళ్ళూ, భాషావాళ్ళూ పంచుకున్నారు. ఒకే ఊరు రెండు కట్టల్లో ఉండిపోయింది.

ఇది కేవలం దస్త్రాల సమస్య కాదు. నేలను కొలిచే చూపునూ, నేల కథ చెప్పే నోటినీ విడదీయడం ఇది. చూపుకు అధికారం వచ్చింది, నోటికి ముచ్చట అని పేరు వచ్చింది.

4

ఇక పటం మౌనాల గురించి.

పటం ఏది కొలుస్తుంది? ఆదాయం ఇచ్చేదాన్ని కొలుస్తుంది. కొలిచే సాధనమే ఈ సంగతి చెపుతుంది. గంటరు గొలుసు 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. కోస్తాలో, సీమలో ఎకరాన్ని నూరు సెంట్లు చేశారు. నిజాం రాజ్యం బొంబాయి పద్ధతిని తీసుకుంది. అక్కడ గొలుసు 33 అడుగులు, ఒక చదరపు గొలుసు ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఈనాటికీ గుంటూరు రైతు సెంట్లలో, నల్లగొండ రైతు గుంటల్లో మాట్లాడుతున్నారంటే, ఏ ప్రభువు ఏ గొలుసు పట్టించాడో అది మన నాలుక మీదే ఉందన్నమాట. అంతకుముందు ఊరికో కొలత ఉండేది. తూమెడు విత్తనం చల్లే నేల, ఒక అరక దున్నే నేల అనేవాళ్ళు. అందులో నేల సారమూ, మనిషి శ్రమా కలిసి ఉండేవి. గొలుసు వాటిని తీసేసి విస్తీర్ణాన్ని మాత్రం ఉంచింది.

పాత ఆంధ్ర గ్రామపటం తీసి చూడండి. చేనుచేనుకూ నంబరుంది, గట్టుగట్టుకూ గీత ఉంది. మనుషులు కాపురముండే గ్రామకంఠం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే గీత, లోపల ఖాళీ. ఎవరి ఇల్లు ఎక్కడుందో లేదు. కారణం సులభం: ఇళ్ళ మీద భూమిశిస్తు లేదు. నూరేళ్ళకు పైగా అలా ఉండిపోయిన ఆ ఖాళీని నింపడానికి 2020లో కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకం పెట్టి, డ్రోన్లు ఎగరేయవలసి వచ్చింది. పటంలో ఊరుంది, ఊళ్ళో మనుషులు లేరు. ఊరికి దూరంగా ఉన్న మాలపల్లె, మాదిగపల్లె గురించి చెప్పనే అక్కరలేదు.

పోరంబోకు, బంజరు అన్న మాటలు కూడా అంతే. పశువులు మేసే చోటు, కట్టెలు ఏరుకునే చోటు, పీనుగును పూడ్చే చోటు, సంచారకులాలు గుడారం వేసే చోటు, అన్నీ ఒకే రంగు కింద ఎవరికీ చెందనివయ్యాయి. శిస్తు కట్టనిది ఎవరిదీ కాదు, అంటే ప్రభుత్వానిది! 1882 మద్రాసు అడవుల చట్టం తర్వాత రిజర్వు గీతలు కొండల మీదికి ఎక్కాయి. ఆ గీత లోపల పోడు చేసుకుంటున్నవాడు ఒక్కరోజులో దొంగ అయ్యాడు. 1922 – 24 నాటి మన్యం పోరాటాన్నీ, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణాన్నీ గురించి మనం చాలా రాశాం. ఆ కోపాలకు కారణమైన గీత గురించి తక్కువ రాశాం.

అయితే కైఫియత్తులో మాత్రం ప్రజల గొంతు ఉందా? ఇక్కడ మనం మనల్ని మోసం చేసుకోకూడదు. చెప్పినవాడు కరణం, పూజారి, పాళెగాడి వంశస్థుడు. రాసినవాడు చదువుకున్న పై కులం వాడు. చెరువు తవ్వించిన రాజు పేరు కైఫియత్తులో ఉంటుంది, తవ్వినవాళ్ళ పేర్లుండవు. కట్ట నిలవకపోతే ఒక ఆడపడుచును బలి ఇచ్చారని చెప్పే కథలు మన పల్లెల నోళ్ళలో ఉన్నాయి గదా, అక్కడ మాత్రం కూలిజనం తొంగిచూస్తుంది, అదీ చనిపోవడానికి. కనుక కైఫియత్తు జతచేయగానే పటం సంపూర్ణమవుతుందని నేననడం లేదు. పటం దాటవేసినదాన్ని కైఫియత్తు కొంత చెపుతుంది. కైఫియత్తు దాటవేసినదాన్ని చెప్పగలిగినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను.

5

ఈ పాత పటాల నేటి ఉపయోగాలేమిటి? కొన్ని నిస్సందేహంగా మంచివి.

అమరావతి దీపాలదిన్నెను మెకంజీ 1790లలో చూశాడు. అప్పటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తూ ఆ దిబ్బను తవ్వించి ఉన్నాడు. 1816 తర్వాత మెకంజీ మళ్ళీ వచ్చి, తన చిత్రకారుల చేత స్థలం పటమూ, శిల్పాల బొమ్మలూ గీయించాడు. ఆ పలకల్లో కొన్ని లండను పోయాయి, కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి, చాలా భాగం కట్టడాల్లోకీ, సున్నపు బట్టీల్లోకీ పోయింది. ఈనాడు స్తూపం ఎలా ఉండేదో ఊహించదలచిన పండితుడు ఆ చేతిగీతల్నే ఆశ్రయించాలి. రాయి పోయింది, కాగితం మిగిలింది.

ఉప్పాడ తీరాన సముద్రం ఎంత లోపలికి వచ్చింది, గోదావరి పాయ ఎటు జరిగింది అని లెక్కకట్టే శాస్త్రజ్ఞులు పాత సర్వే పటం పక్కన ఉపగ్రహ చిత్రం పెట్టి చూస్తున్నారు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల లెక్కతో బయలుదేరింది. పూడిపోయిన చెరువును, తెగిపోయిన గొలుసుకట్టు కాలువను వెతకడానికి పాత పటం కంటే మంచి సాక్షి దొరకదు. దేశ పటాలు చాలాకాలం రహస్యం పేరిట బీరువాల్లో ఉండేవి. తన ఊరి పటం తాను చూడటానికి పౌరుడికి అనుమతి కావలసివచ్చేది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఆ ఆంక్షల్ని చాలావరకు సడలించింది. ఇదీ మంచిదే.

మరి ప్రమాదం ఎక్కడుంది? పటాన్ని తీర్పుగా వాడటంలో ఉంది.

పాత చేతిపటాన్ని కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళు ముందు కొన్ని స్థిరమైన గుర్తులు ఎంచుకుంటారు. గుడి గోపురం, కోట బురుజు, కొండ కొన, చెరువు కట్ట. అవి ఈనాటి అక్షాంశ రేఖాంశాల మీద ఎక్కడున్నాయో చూసి, కాగితాన్ని వాటికి తగినట్టు సాగదీసి పరుస్తారు. గుర్తుల దగ్గర అది సరిగ్గా కూర్చుంటుంది. గుర్తులకు దూరంగా ఉన్న చోట జరుగుతుంది. ఇది ఆ పని చేసేవాళ్ళకు తెలుసు. వాళ్ళ నుంచి ఆ పటం అందుకునే అధికారికి తెలియదు, లేదా తెలియనట్టు ఉంటాడు.

చిన్న లెక్క ఒకటి చేద్దాం. మైలుకు అంగుళం చొప్పున గీసిన పటంలో కలం గీత మందం అంగుళంలో యాభయ్యో వంతు అనుకుందాం. నేల మీద అది 105 అడుగులకు పైనే. చెరువు హద్దు ఆ గీతకు ఇవతలి అంచా, అవతలి అంచా? పేదవాడి ఇల్లు వాకిలితో సహా ఆ గీత మందంలోనే ఇమిడిపోతుంది.

మరో ప్రశ్న. చెరువును ఏ నెలలో కొలిచారు? మన చెరువు ఒకే ఆకారంలో ఉండేది కాదు. వానకు నిండుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ శిఖం భూమిలో రైతు విత్తనం వేసుకుంటాడు. ఏడాదిలో కొన్ని నెలలు నీటిదై, కొన్ని నెలలు నాగలిదయ్యే ఆ నేలను నీలిరంగు గీత ఎలా చూపగలదు? మాఘంలో గీస్తే ఒక గీత, భాద్రపదంలో గీస్తే మరో గీత. ఈ సంగతి చేపలు పట్టే బెస్తవాడికి తెలుసు, తూము తీసే నీరటికాడికి తెలుసు. పటానికి తెలియదు.

హైదరాబాదులో 2024 జూలైలో చెరువుల రక్షణకు హైడ్రా అనే సంస్థ పెట్టాక ఈ గీతల మాట ఇంటింటి మాట అయింది. చెరువుల్ని కాపాడవలసిందే. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తిన నగరం అది. నీటి దారిని మరిచిపోయే హక్కు దానికి లేదు. నేను చెప్పేది వేరు. పటం మీద గీత అందరికీ ఒక్కటే. కానీ ఆ గీత లోపల లేఔటు వేసి అమ్ముకుని వెళ్ళిపోయినవాడూ, జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ఆ ముక్క కొనుక్కున్నవాడూ ఒకటి కాదు. వాళ్ళిద్దరికీ తేడా పటంలో కనిపించదు. అది కైఫియత్తులో ఉంటుంది: ఎవరు అమ్మారు, ఎవరు అనుమతించారు, ఎవరు కళ్ళు మూసుకున్నారు. కైఫియత్తు రాయించకుండా పటం ఒక్కటే తెచ్చినప్పుడు, గీత బలహీనుడి మీదే ముందు పడుతుంది.

ఆంధ్రలో 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలైంది. తెలంగాణలో 2020 నాటి ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. పాత ఎఫ్.ఎం.బి., పాత టిపను, చేత్తో గీసిన ఆ చిన్న కాగితాలు, మళ్ళీ తాలూకా కచేరీల్లో దుమ్ము దులుపుకుంటున్నాయి. వాటిలో కొన్ని చిరిగాయి, కొన్ని దొరకడం లేదు. కౌలుదారుడు పాత కాగితంలోనూ లేడు, కొత్త తెరమీదా లేడు. పరికరం మారింది, మౌనం మారలేదు.

ఈ చీకటిలో ఒక దీపం కూడా ఉంది. అది పోరాటాల వల్ల వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో చేసిన నియమాల్లో, 13వ నియమం ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెపుతుంది. ప్రభుత్వ పటాలు, సర్వే నివేదికలు, గెజిటీర్లు అందులో ఉన్నాయి. హక్కు అడుగుతున్నవారు కాక ఊళ్ళోని ఇతర పెద్దలు చెప్పిన మాట, రాతలో పెట్టినది, అది కూడా ఉంది. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండాలే గాని వాటి స్థానాన్ని తీసుకోకూడదని 2012 సవరణ చెప్పింది. పటమూ, ముసలవ్వ మాటా ఒకే వరుసలో నిలబడ్డాయి! విడిపోయిన రెండు సగాల్నీ చట్టం ఒక పుటలో మళ్ళీ కలిపింది. అమలులో ఎంతవరకు కలిపారన్నది వేరే సంగతి. ఎక్కువ చోట్ల ఆకాశం నుంచి తీసిన బొమ్మకు ఉన్న విలువ అవ్వ మాటకు లేదు.

6

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ విద్యార్థి మిత్రుడికీ, ఆయన్ను ఖండించిన మిత్రుడికీ నా జవాబు ఏమిటి?

మొదటి మిత్రుడికి: పటం అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ అది అన్నీ చెప్పదు. ఏ రచనైనా ఏది చెప్పిందో మాత్రమే చూస్తే సగం విమర్శే అవుతుంది. కథ చెప్పింది నిజమా అని పటాన్ని అడగడంతో ఆగకండి. పటం వదిలింది ఏమిటని కథను కూడా అడగండి.

రెండో మిత్రుడికి: దోపిడీ కోసం తయారైన సాధనం దోపిడీదారుడి చేతిలోనే ఉండిపోవాలన్న నియమం లేదు. రైలు సైన్యాల కోసం వచ్చింది, కార్మికుడు దాన్ని సమ్మెతో ఆపాడు. అచ్చుయంత్రం పాలకుల ఉత్తర్వులకే కాక కరపత్రాలకూ పనికివచ్చింది. శిస్తు కోసం గీసిన గీత తమ ఊరు ఆ గీతకంటే పాతదని నిరూపించుకోవడానికి ఈనాడు గిరిజనుడికి పనికివస్తోంది. పటాన్ని పారేస్తే నష్టపోయేది దొర కాదు. దొర ఎప్పుడో వెళ్ళిపోయాడు.

ఇక రచయితల పని. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' తీసుకోండి. అందులోని సుందరపాలెం ఏ సర్వే పటంలోనూ దొరకదు. కానీ ఆ ఊళ్ళో అప్పల్రాముడి అప్పు ఎలా పెరిగింది, ఊరి బతుకు ఎలా మారింది, ధర్మం పేరుతో ఆ కుటుంబం కాళ్ళకింద నేల ఎలా జారింది అన్నది ఆ కథ చెప్పినట్టు ఏ అడంగలూ చెప్పలేదు. అడంగల్లో ఒక పేరు కొట్టేసి మరో పేరు రాస్తారు. ఆ రెండు పేర్ల మధ్య ఏం జరిగిందన్నది కథ. నా దృష్టిలో 'యజ్ఞం' కథానికే కాదు, ఒక ఊరి కైఫియత్తు. పాత కైఫియత్తు వదిలేసినవాళ్ళను మధ్యలో కూర్చోబెట్టిన కైఫియత్తు.

ఈనాటి మన కథల్లో ప్రాంతం పేరు ఉంటుంది, మాండలికం ఉంటుంది, నేల మాత్రం అస్పష్టంగా ఉంటుంది. వాగు ఊరికి ఏ దిక్కున పారుతుందో, ఏ కులం వాడి పొలం తూముకు దగ్గరో, ఏ వాడకు చెరువునీళ్ళు చివర అందుతాయో రచయితకే తెలియనట్టు రాస్తున్నాం. ఊరి ఎత్తుపల్లాలు తెలియకుండా ఆ ఊరి వర్గసంబంధాలు తెలుస్తాయని నేను నమ్మను. నీరు పల్లానికి పారుతుంది, పల్లంలో ఎవరి పొలం ఉందన్నదే మన గ్రామచరిత్ర.

అందుకని యువ రచయితలకు నాదొక సూచన. మీ ఊరి పాత పటం సంపాదించండి. దాన్ని పట్టుకుని ఊరి చివర ఇంటికి వెళ్ళండి. గొలుసు లాగినవాడి మనవడో, తూము తీసినవాడి కూతురో అక్కడే ఉంటారు. కరణం ఇంటికి కావలి సోదరులు ఇదివరకే వెళ్ళివచ్చారు, మీరు మళ్ళీ వెళ్ళనక్కరలేదు. ఆ కాగితాన్ని వాకిట్లో పరిచి, ఇందులో ఏం లేదో చెప్పమని అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకోండి. ఏ చెరువు హద్దు మీదో, ఏ పోడు పట్టా మీదో విచారణ జరిగే రోజున, పటంతోపాటు బల్ల మీద పెట్టడానికి ఆ కాగితం కూడా మన దగ్గర ఉండాలి.